ఆదివారం చిల్లీకి రెండు గిన్నెలు

మేము చిల్లీ అని పిలుచుకునే వంటకాన్ని అసలు చిల్లీ వండే దేశంవాళ్ళు చూస్తే గుర్తుపట్టరు. గుర్తుపట్టినా ఒప్పుకోరు. వాళ్ళు రాజ్మా వేస్తారు, మేము అనపగింజల పితికిపప్పు వేస్తాం. వాళ్ళు రొట్టెతో తింటారు, మేము రాగిసంగటితో తింటాం. వాళ్ళలో కొందరు అందులో చాక్లెట్ ముక్క కూడా వేస్తారట. మేము అంత దూరం వెళ్ళలేక, పొద్దున మిగిలిన కాఫీ డికాషన్ ఒక గరిటెడు పోస్తాం. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది మాంసం ఒక్కటే. అందులోనూ తేడా ఉంది. వాళ్ళకి లేత ఎద్దు దొరుకుతుంది. మా దగ్గర చట్టం ప్రకారం ముసలి గేదెకి తప్ప ఆ యోగం లేదు. కుక్కర్‌లో పెడితే అది మెత్తబడేలోపు మనకే కొంచెం వయసు మీద పడుతుంది.

దీన్ని ఇంట్లోకి తెచ్చింది మా అక్క. ఊరంతా తలుపులేసుకుని కూర్చున్న కరోనా రోజుల్లో, నేను ఫోన్‌లో కాలేజీ పాఠాలు వింటున్నట్టు నటిస్తుంటే, అక్క పక్క గదిలో ఆఫీసు పని చేస్తున్నట్టు నటించేది. ఆ తీరికలో ఎవరో గడ్డపాయన ఇనప కుండలో మాంసమూ గింజలూ కలిపి గంటలకొద్దీ ఉడికించే వీడియో ఒకటి పట్టుకుని అమ్మకి చూపించింది. అమ్మ ఓపిగ్గా చివరిదాకా చూసి, "పెద్దకూరలో గింజలేసినాడు. దానికింత మాటలెందుకు?" అంది.

పెద్దకూర అంటే మా ఇళ్ళల్లో గేదెదో ఎద్దుదో మాంసం. తాతల నాటి నుంచి తింటున్నదే. కాకపోతే ఆ మాట వీధిలో గట్టిగా అనం. చిల్లీ అనే పేరు దొరికాక ఆ ఇబ్బంది తీరింది. బస్సులో కిక్కిరిసి నిలబడి కూడా "ఈ వారం చిల్లీ చేస్తాండావా అమ్మా" అని ఫోన్‌లో అరవచ్చు. చుట్టూ ఉన్నవాళ్ళు మనకి బజ్జీల పిచ్చి ఉందనుకుని ఊరుకుంటారు.

పితికిపప్పు మాత్రం అమ్మ పెట్టిన షరతు. చలికాలం వచ్చిందంటే బెంగళూరులో ప్రతి మూల మీదా అనపకాయల గుట్టలు లేస్తాయి. కాయలు వలిచి, గింజలు రాత్రి నానబెట్టి, పొద్దున ఒక్కొక్క గింజనీ రెండు వేళ్ళ మధ్య నొక్కితే తొక్కలోంచి పప్పు బయటికి దూకుతుంది. ఇంటికి సరిపడా పితకాలంటే ఇద్దరు మనుషులు, ఒక పళ్ళెం, అక్కడ లేని మూడో మనిషి గురించి బోలెడు చాడీలు కావాలి. మేమిద్దరం కూర్చుంటే అక్క పితికిన పప్పులో సగం నా ముఖం మీదికే వచ్చేది. గురి మంచిదే. ఆమెకి ఆటల కోటాలో సీటు రావాల్సింది.

మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. అమ్మ మా చిన్నప్పటి నుంచి పాత బెంగళూరులో నాలుగిళ్ళల్లో పనిచేసేది. అక్కకి ఉద్యోగం వచ్చాక మానేసింది. నాన్న అత్తిబెలెలో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ఆయన ఆదివారాల సంగతి మాకంటే ఆ ఫ్యాక్టరీకే బాగా తెలుసు. నా ఆఫీసు కుందలహళ్ళి కాబట్టి ఇప్పుడు అక్కడే ఒక సందులో అద్దెకుంటున్నాం. ఇల్లు చూడ్డానికి వెళ్ళిన రోజున, మాంసం వండుకోవచ్చా అని మేము నసుగుతూ ఉండగానే ఓనరు వంటింట్లోంచి మసాలా వాసన వచ్చింది. ఇక నీళ్ళు వస్తాయా అని కూడా అడక్కుండా ఒప్పేసుకున్నాం. నీళ్ళు రావు.

అక్క పెళ్ళి కిందటేడు జరిగింది. బావ ఆమె ఆఫీసే. తెలుగువాళ్ళే, కోస్తా వైపు నుంచి వచ్చి వైట్‌ఫీల్డ్‌లో ఫ్లాటు కొనుక్కున్నారు. ఆ ఇంట్లో గుడ్డు కూడా ఉడకదు. మాటలకి వచ్చినప్పుడు వాళ్ళు "మాకు అలాంటి పట్టింపులేం లేవండీ" అన్నారు. కాఫీ తాగుతూ ఒకసారి, తాగేశాక ఒకసారి, చెప్పులు తొడుక్కుంటూ ఇంకోసారి. లేని వస్తువుని అన్నిసార్లు తీసి చూపించడం దేనికో నాకు అర్థం కాలేదు. అయినా ఉన్నమాట చెప్పాలి, వాళ్ళు మంచివాళ్ళు. అక్కకి జ్వరమొస్తే ఆమె అత్తగారు పక్కనుంచి లేవదు. ఈ కథలో విలన్ కోసం నేనూ చాలా వెతికాను. దొరకలేదు. దొరికి ఉంటే అందరికీ పని తేలికయ్యేది.

పెళ్ళయిన కొత్తలో అక్క ఆదివారాలు వచ్చేది. సంగటి, చిల్లీ తినేది. తిన్నాక తలస్నానం చేసి, బట్టలు మార్చుకుని, సోంపు నములుతూ వెళ్ళేది. బ్యాంకు దోచుకుని వెళ్తున్నట్టు ఉన్నావు అనేవాణ్ణి. నవ్వేది. ఆ తర్వాత రావడం తగ్గింది. వచ్చినా మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చి, టీ తాగి, ఆఫీసు పని ఉందని లేచేది. అమ్మ ఆమె వాటా తీసి ఫ్రిజ్‌లో పెట్టేది. రెండు రోజులు చూసి నాకు పెట్టేది. అక్క కాపురం వల్ల మా ఇంట్లో ఒళ్ళు చేసింది నేనొక్కణ్ణే.

అమ్మ దీని గురించి ఏమీ అనలేదు. అనదు. కానీ ఆమె లెక్క నాకు తెలుసు. పిల్ల వచ్చి, మన మధ్య కూర్చుని, మనం తినేది తింటే మన పిల్లే. టీ తాగి వెళ్ళేవాళ్ళు చుట్టాలు.

అందుకే ఈ చలికాలంలో ఒకరోజు అక్క ఫోన్ చేసి, ఆదివారం పొద్దున్నే వస్తాను, చిల్లీ చేయండి, పప్పు పితకడానికి నేనే కూర్చుంటాను అని చెప్పినప్పుడు, అమ్మ ఫోన్ పెట్టేసి నన్ను తిట్టడం మొదలుపెట్టింది. మంచం మీద తడి తువ్వాలు వేసినందుకు, ఫ్యాను ఆపనందుకు, చివరికి ఊరికే నిలబడినందుకు. అమ్మకి పట్టలేని సంతోషం కలిగితే ఇంతే. శనివారం సాయంత్రం రోడ్డు మీద అనపకాయలు బేరమాడుతూ, కాయ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, అమ్మేవాడితో కన్నడంలో, "మా కూతురు వస్తోంది, ముదురు కాయలు అంటగట్టొద్దు" అంది. అతను అడగలేదు. ఆ దారిన పోతున్న ఇంకో ఆవిడకి కూడా చెప్పింది.

ఆదివారం పొద్దున నేను మాంసం తెచ్చాను. అక్క చెప్పినట్టే వచ్చింది. చున్నీ నడుముకి చుట్టుకుని, నేల మీద కాళ్ళు చాపుకుని, పళ్ళెం ముందేసుకుని కూర్చుంది. అమ్మ ఆమె వెనకగా పోతూ, వస్తూ, ప్రతిసారీ తల మీద చెయ్యి వేసి పోతోంది, అదేదో దారిలో తగిలే స్తంభం అన్నట్టు.

"నీకు పిల్లని చూస్తాండారంట కదా. ఆ పిల్లకి ఎవరన్నా చెప్పినారా?" అంది అక్క.

"ఏమని?"

"నువ్వు జోకులేస్తావని. దాచిపెట్టి పెండ్లి చేసేది తప్పప్పా."

పప్పు ఒకటి వచ్చి నా నుదుటికి తగిలింది. గురి తప్పలేదు. ఇల్లు మళ్ళీ మునుపటిలా ఉందని నాకప్పుడు అనిపించింది.

వంట నాది. బ్యాడిగి మిరపకాయలు రంగుకి, గుంటూరు మిరపకాయలు బుద్ధి చెప్పడానికి, రెండూ వేడినీళ్ళల్లో నానబెట్టి వెల్లుల్లితో నూరాను. ఉల్లిపాయలు ఎర్రగా వేగాక జీలకర్ర పొడి, ఆ ముద్ద, టమాటాలు, చిన్నగా కోసిన మాంసం వేసి, డికాషన్ పోసి కుక్కర్ మూత పెట్టాను. పప్పు ఇప్పుడే వెయ్యకూడదు. మాంసంతో పాటు వేస్తే పప్పు పేస్టయిపోతుంది, మాంసం మాత్రం పట్టించుకోకుండా అలాగే ఉంటుంది. కొందరి సంసారాల్లాగా.

విజిల్స్ ఆగి, ఆవిరి దిగాక మూత తీశాను. మిరపకాయ, జీలకర్ర, వాటి వెనకనుంచి నిదానంగా ఆ వాసన. నాకైతే ఆదివారం అంటే అదే. వెనక్కి తిరిగి చూస్తే అక్క పళ్ళెం పక్కకి నెట్టేసి, చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని, గబగబా బాత్రూమ్ వైపు వెళ్తోంది.

అమ్మ చేతిలో పని ఆపింది. లోపల కుళాయి శబ్దం వింటూ నా వైపు చూసింది. ఆ ముఖాన్ని నేను వర్ణించను, ఎందుకంటే అది మళ్ళీ చూడ్డం కుదరలేదు. అక్క ముఖం తుడుచుకుంటూ బయటికి రాగానే అమ్మ దగ్గరికి వెళ్ళి, నెమ్మదిగా అడిగింది.

"ఎన్నో నెల పాపా?"

నేను మేనమామనయ్యానని కుర్చీ లాక్కుని నిటారుగా కూర్చున్నాను. హోదా అంటే అలా వస్తుంది.

"అది కాదమ్మా," అంది అక్క.

గుమ్మం దగ్గర, గాలి వచ్చేచోట కూర్చుంది. చాలాసేపు చున్నీ అంచు చుడుతూ, విప్పుతూ, చెప్పింది. పెళ్ళయిన కొత్తలో ఇక్కడ తిని వెళ్ళిన ప్రతిసారీ అక్కడ లిఫ్టు దగ్గర ఆగి అరచేతులు వాసన చూసుకునేదట. అత్తగారు పక్కన కూర్చుంటే ఊపిరి బిగబట్టి మాట్లాడేదట. ఎవరూ ఎప్పుడూ ఏమీ అడగలేదట. బావకి తెలుసట. తిను, నాకేం ఫర్వాలేదు, మా అమ్మకి మాత్రం తెలియనివ్వకు అన్నాడట. తర్వాత ఒక వారం మానేసింది. ఇంకో వారం మానేసింది. ఇప్పుడు వాసనకే కడుపులో తిప్పుతోంది.

"ఎవరన్నా ఏమన్నా అన్నారా?" అని అడిగింది అమ్మ. అన్నారని చెబితే బాగుండునన్నట్టు అడిగింది.

"ఎవరూ ఏమీ అనలేదు. దాచిపెట్టుకునేది కష్టంగా ఉండాదమ్మా. మానేసేది సులువు."

సిగరెట్లు మానలేక చస్తున్న నాన్నకి నిన్ను గురువుగా పెట్టాలి అన్నాను. అక్క మూతి ఒక పక్కకి కొంచెం కదిలింది. అమ్మ కదల్లేదు. మరి చిల్లీ చేయమని ఎందుకు చెప్పావని అడిగాను.

"ఇక్కడికొస్తే, మీతో పాటు కూసుంటే, తినేస్తానేమో అనుకుంటి," అంది. "మన ఇంట్లోనన్నా పడతాదేమో అనుకుంటి రా."

మూత తీసిన కుక్కర్ అలాగే పొగలు కక్కుతోంది. లేచి వెళ్ళి మూత పెట్టాను.

అమ్మ లేచింది. కుర్చీ వేసుకుని అటక మీంచి ఒక అట్టపెట్టె దించింది. ఎవరి పెళ్ళికో ఇవ్వాలని కొని, పెట్టిపోతల్లో ఎక్కడో లెక్క తప్పి మిగిలిపోయిన స్టీలు గిన్నె, దాంతో పాటు వచ్చిన గరిటె. అంటించిన కాగితం ఇంకా అలాగే ఉంది. గోరుతో గీకి తీసింది. స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. కిటికీ తెరిచింది. మాంసం వండిన పెద్ద స్టవ్ దగ్గరికి వెళ్ళకుండా, గ్యాసు అయిపోతే వాడే చిన్న కరెంటు స్టవ్ హాల్లోకి తెచ్చి, తడిగుడ్డతో తుడిచి పెట్టింది. పితికిన పప్పులో సగం విడిగా తీసింది. కత్తిపీట మాంసానికి వాడామని టమాటాలు చేత్తోనే చిదిమింది. మిరపకాయల ముద్ద నేను నూరిపెడతానని రోలు వైపు వెళ్తే ఆపింది.

"నువ్వు ముట్టుకోవద్దులే. ఇందాక కూర కలిపినావు కదా."

కసురుకుంటూ అనలేదు. వర్షం వస్తోంది, గొడుగు తీసుకెళ్ళు అన్నట్టు అంది. పుట్టినప్పటి నుంచి మా ఇంట్లో నా చేతులు ఒకదాన్ని ముట్టుకుంటే ఇంకోటి పాడవడం అదే మొదలు. చేతుల వైపు చూసుకున్నాను. మామూలుగానే ఉన్నాయి.

ఈ పద్ధతులన్నీ అమ్మకి ఎక్కడివని ఎవరూ అడగక్కర్లేదు. పనిచేసిన ఇళ్ళల్లో కొన్నిట్లో ఆమె గ్లాసు వేరుగా పెరటి కిటికీ గట్టు మీద బోర్లించి ఉండేది. వంటింటి గడపకి ఇవతల నిలబడి, ఎవరు ఏది ముట్టుకుంటే ఏది పనికిరాకుండా పోతుందో అన్నేళ్ళూ చూసింది. ఆ నియమాలన్నిట్లోనూ పనికిరాకుండా చేసేది ఆమే. వాటిని గడపకి అవతలి వైపు నుంచి పాటించడం ఇదే మొదటిసారి. ఒక్కటీ తప్పు పోలేదు.

అక్కకి అర్థమైంది. లేచి వచ్చి కరెంటు స్టవ్ పక్కన నిలబడింది.

"నేను వేరే గిన్నె అడిగినానా అమ్మా? సుమ్నే, ఊరికే పప్పు ఉడకేస్తే చాలు కదా. ఇదంతా ఎందుకు?"

"నువ్వడగలేదు. వాసన తగిలితే నువ్వు తినలేవు. తినకుండా పోతావు," అంది అమ్మ, పప్పు కలుపుతూ. "తినకుండా పోతే నాకు బేజారుగా ఉంటాది."

అంతే. ఆ ఇంట్లో ఆ రోజు జరిగిన తగువు మొత్తం అదే. సీరియల్‌వాళ్ళకి ఇస్తే ఆరు నెలలు లాగేవాళ్ళు. మేము రెండు నిమిషాల్లో ముగించి కంచాలు పెట్టుకున్నాం.

కొత్త గిన్నె ఉంది, కొత్త గరిటె ఉంది, కొత్త కంచం లేదు. అక్క తన కంచమే తీసుకుంది. చదువుకునే రోజుల నుంచి ఆమెదే అది, అంచు లోతుగా ఉంటుంది. నాకు, అమ్మకి సంగటితో చిల్లీ. అక్కకి సంగటితో ఎర్రగా, ఒట్టి పితికిపప్పు. అమ్మ ముందు అక్కకే వడ్డించింది. కొత్త గరిటె నిండా తీసి, చెయ్యి బాగా పైకెత్తి, కంచానికి గరిటె తగలకుండా పైనుంచి వదిలింది. ఆ కంచంలో ఇన్నేళ్ళూ పెద్దకూర పడింది కదా, గరిటె దానికి తగిలి మళ్ళీ గిన్నెలోకి పోతే గిన్నె చెడుతుంది. అలా పైనుంచి వడ్డించడం మా ఇంట్లో నేనెప్పుడూ చూడలేదు. అమ్మకి మాత్రం తెలుసు. ఆ ఇళ్ళల్లో ఆమెకి అలాగే వడ్డించేవాళ్ళు.

"తగలనీ అమ్మా," అంది అక్క.

"వద్దులే."

అక్క కంచం పైకెత్తింది. అమ్మ గరిటె ఇంకొంచెం పైకెత్తింది. అక్క మోకాళ్ళ మీద లేచి ఇంకా పైకెత్తింది. అమ్మ మునివేళ్ళ మీద నిలబడింది. బయటివాళ్ళెవరైనా చూస్తే ఏదో పందెం అనుకునేవాళ్ళు. నేను ఎవరి పక్షమో తేల్చుకోలేక సంగటి ముద్ద వైపు చూస్తూ కూర్చున్నాను.

"చెయ్యి నొప్పి పెడతాది పాపా. దించు," అంది అమ్మ.

అక్క దించింది. పప్పు పైనుంచి పడి, చారు చింది, ఆమె చేతి మీద ఎర్రటి చుక్కలు పడ్డాయి. తుడుచుకోలేదు. సంగటి తుంచి, పప్పులో అద్దుకుని తినడం మొదలుపెట్టింది. అమ్మ తన కంచంలో చెయ్యి పెట్టకుండా ఆమెనే చూస్తోంది.

"ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయిందమ్మా. బాగుండాది."

మళ్ళీ పెట్టించుకుంది. అమ్మ మళ్ళీ పైనుంచే పోసింది. ఈసారి అక్క కంచం ఎత్తలేదు. నాన్న వాటా తీసిపెట్టారా అని అక్క అడిగింది. బావకి ప్రమోషన్ రావచ్చని చెప్పింది. నాకు చూసిన పిల్ల ఫోటో అడిగి, పాపం అంది. మూడింటికి ఆటో పిలుచుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు స్నానం చెయ్యలేదు, బట్టలు మార్చుకోలేదు, సోంపు అడగలేదు. అవసరం లేదు కదా. అమ్మ మెట్ల దాకా వెళ్ళి, ఆటో సందు తిరిగాక కూడా అక్కడే నిలబడింది. తర్వాత లోపలికి వచ్చి, కొత్త గిన్నె పెట్టడానికి పైఅరలో చోటు చేసింది. అక్కడున్న డబ్బాలన్నీ కింది అరలోకి దిగాయి.

సాయంత్రం ఆ గిన్నె కడిగే పని నాకు పడింది. అడుగున కొంచెం పప్పు మిగిలి ఉంది. మా ఇంట్లో మిగిలినదేదైనా నాకే చెందుతుంది కాబట్టి వేలితో తీసి నోట్లో పెట్టుకున్నాను. కారం ఉంది, జీలకర్ర ఉంది, టమాటా పులుపు ఉంది. ఉప్పు లేదు. తక్కువ కావడం కాదు, ఒక్క రవ్వ కూడా లేదు. అమ్మ ఎప్పుడూ ఉప్పు కొలిచి వెయ్యదు. గరిటెతో అరచేతిలో ఒక చుక్క వేసుకుని, నాలికకి రాసుకుని, అప్పుడు వేస్తుంది. పెద్దకూర తినే నోటితో ఈ గిన్నె రుచి చూడలేదు. వేశాననుకుని ఉంటుంది.

అక్క దాన్ని రెండుసార్లు పెట్టించుకుని తింది.

గిన్నె తోమి, తుడిచి, పైఅరలో పెట్టాను. అమ్మకి చెప్పలేదు. చెబితే ఈసారి అక్క పేరున ఉప్పు డబ్బా కూడా ఒకటి విడిగా కొంటుంది.